సెకండ్ హ్యాండ్ 3 అడుగుల అక్వేరియం తీసుకున్నా, ఆదివారానికల్లా చేపలు వేసేయొచ్చా?

కొత్తనీరు | పాలకొల్లు | జూన్ 24

నమస్కారమండి. పాత ట్యాంకు ఒకటి కొన్నాను. పొడవు 3 అడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగున్నర. ఇనప స్టాండు, చెక్క మూత, మూతలో ట్యూబ్‌లైటు ఉన్నాయి. వాటితోపాటు లోపల పెట్టే పవర్ ఫిల్టరు, స్పాంజి ఫిల్టరు, గాలి మోటారు, హీటరు, ఒక సంచీడు రంగురాళ్లు కూడా ఇచ్చారు. ఏడాదిగా మేడ మీద ఎండలో ఖాళీగా పడుందట.

నీళ్ల మట్టం ఉండేచోట చుట్టూ తెల్లగా గార కట్టింది. ఒక మూల సిలికాన్ నల్లబడి అంచు లేస్తోంది. ఇంట్లో మూడు రకాల నీళ్లున్నాయి: మున్సిపాలిటీ పంపు, ఉప్పు బోరు, 20 లీటర్ల ఆర్‌వో టిన్ను. ఏవి పోయాలి? నాలుగు గోల్డ్‌ఫిష్, రెండు ఏంజెల్స్, అద్దం శుభ్రం చేయడానికి ఒక సక్కర్ వేద్దామనుకుంటున్నా. ఆదివారానికి అయిపోతుందాండీ?

చేపలపులుసు | నరసాపురం | జూన్ 24

ఇంతోటి దానికి ఇంత ఆలోచనెందుకండి. కడగడం, నీళ్లు పోయడం, రెండ్రోజులు ఆగడం, చేపలు వదలడం. అందరూ చేసేది అదే.

రసమట్టం | తణుకు | జూన్ 24

అందరూ చేసేది అదే, పదో రోజుకి చేపల్ని తీసి పారేసేదీ అందరూనే. చేపల మలం, మిగిలిన మేత నుంచి అమోనియా అనే విషం పుడుతుంది, దాన్ని మార్చేసే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి నెల్లాళ్లు పడుతుంది. కొత్తనీరు గారూ, ఈ ఆదివారం సంగతి మర్చిపోండి. ముందు గాజు సంగతి తేలాలి.

పై అంచు మీద స్కేలు పెట్టి అద్దం మందం కొలవండి. అడుగున్నర ఎత్తుకి 8 మి.మీ. ఉంటే దిగుల్లేదు. 6 మి.మీ. అయితే పైన అడ్డంగా గాజు పట్టీ ఉండి తీరాలి, అప్పుడు కూడా నీళ్లు 35 సెం.మీ. దగ్గర ఆపేయండి. అంచున గోరంత పెచ్చు ఊడితే పర్లేదు. గీతలా సాగిన పగులు ఉంటే మాత్రం ఎంత చిన్నదైనా ఆ పలక మార్చాల్సిందే, సిలికాన్ పూస్తే ఆగదు.

బరువు లెక్క చూడండి. 90 × 30 × 45 సెం.మీ. అంటే అంచుదాకా 121 లీటర్లు. 40 సెం.మీ. వరకు నింపి ఇసుక తీసేస్తే నీళ్లు సుమారు 100 లీటర్లు, అంటే 100 కిలోలు. గాజు 27 కిలోలు, ఇసుక 16 కిలోలు. స్టాండు కాక 140 పైమాటే. మన గాలికి ఇనుము కింద నుంచే తినేస్తుంది. స్టాండు తిరగేసి కాళ్ల అడుగున, వెల్డింగు దగ్గర స్క్రూడ్రైవరుతో గీకి చూడండి. పొరలు పొరలుగా రాలితే ముందు ఆ కాళ్లు మార్పించండి.

పెట్టేచోట రసమట్టం పెట్టి చూడాలి. 3 అడుగుల పొడవులో 2, 3 మి.మీ. తేడా ఉంటే ఫర్వాలేదు. అంతకంటే ఎక్కువుంటే స్టాండు కాళ్ల కింద రేకు ముక్క పెట్టి సరిచేయండి. ట్యాంకు కింద మాత్రం ఏ ముక్కా దూర్చకండి, బరువంతా ఒకచోట పడి అడుగు పలక పగులుతుంది. ట్యాంకుకీ స్టాండుకీ మధ్య అర అంగుళం థర్మాకోల్ ఒకటే పలక వేయండి. నింపాక జరపాలనిపిస్తే సగం ఖాళీ చేస్తే చాలనుకోకండి, పూర్తిగా తోడాకే ఎత్తాలి.

రసమట్టం | తణుకు | జూన్ 24

సిలికాన్ గురించి రాయడం మర్చిపోయా.

ముందు లీకు పరీక్ష. ఆరుబయట చదునైన నేల మీద థర్మాకోల్ వేసి ట్యాంకు పెట్టండి. కింద చుట్టూ పాత పేపరు పరచండి. పావు వంతు నింపి ఆరు గంటలు, సగం నింపి ఇంకో ఆరు గంటలు, తర్వాత పూర్తిగా నింపి 48 గంటలు ఆగాలి. పొడి టిష్యూ కాగితంతో బయట అతుకులన్నీ తుడిచి చూడండి. వాన పడే రోజుల్లో బయట పెడితే పేపరు తడిసి ఏదీ తెలీదు, వరండాలో పెట్టుకోండి.

అద్దాల మధ్య అతుకు వేరు, లోపలి మూలల్లో కనిపించే బీడింగు వేరు. ట్యాంకుని నిలబెట్టేది మొదటిది, రెండోది దానికి కాపు మాత్రమే. లేచింది బీడింగే అయితే పని చిన్నదే. అద్దాల మధ్య సిలికాన్‌లోనే తెల్లటి బుడగల్లాంటి మచ్చలు లోపలిదాకా పాకితే విడదీసి మళ్లీ అతికించాలి, అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

గారకి తెల్ల వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట అంటించి ఉంచి, కొత్త బ్లేడుతో వాలుగా గీకండి. సబ్బు, సర్ఫు, డిష్‌వాష్ ఏదీ వద్దు. సిలికాన్ మూలల్లో మిగిలిపోతే కడిగి వదిలించడం కష్టం.

కొత్తనీరు | పాలకొల్లు | జూన్ 28

అద్దం 8 మి.మీ. ఉందండి. స్టాండు కాళ్లు రెండు మార్పించాను. పూర్తిగా నింపిన పన్నెండు గంటలకి ఆ నల్లబడ్డ మూలలోనే కింద టిష్యూ తడిసింది. చుక్కలు పడలేదు, చెమ్మ మాత్రమే. అద్దాల మధ్య మచ్చల్లేవు. ఆ మూల ఒక్కటీ సిలికాన్ పెట్టుకుంటే సరిపోతుందా?

రసమట్టం | తణుకు | జూన్ 28

సరిపోదు. ఆరిపోయిన పాత సిలికాన్‌కి కొత్తది అంటుకోదు. ఒక్క మూలే పూస్తే పాతదీ కొత్తదీ కలిసేచోట నుంచే మళ్లీ కారుతుంది. లోపలి బీడింగు మొత్తం, నాలుగు నిలువు మూలలూ అడుగు నాలుగు వైపులా తీసేయండి. బ్లేడు అద్దాల మధ్యకి మాత్రం దూరకూడదు.

తీశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోగానీ అసిటోన్‌తోగానీ తెల్లగుడ్డతో రెండుసార్లు తుడవండి. గోరుతో గీస్తే జారే పొర ఏమీ ఉండకూడదు. మూలకి రెండు వైపులా 6 మి.మీ. వదిలి మాస్కింగ్ టేపు వేయండి. సిలికాన్ కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. బాత్‌రూము కోసం అమ్మేదాంట్లో బూజు రాకుండా మందు కలుపుతారు, అది చేపలకి విషం. 100 శాతం సిలికాన్, వెనిగర్ వాసన వచ్చే రకం, బూజు మందు లేనిది కావాలి. మీ సైజుకి 280 మి.లీ. గొట్టం ఒకటి సరిపోయి మిగులుతుంది.

ఒక మూల ఆపకుండా ఒకే గీతలో పూసి, వేలితో ఒకసారి లాగి, టేపు వెంటనే పీకేయాలి. పదినిమిషాలు ఆగితే పైపొర గట్టిపడి టేపుతోపాటే లేచొస్తుంది. ఈ రకం సిలికాన్ గాలిలో తేమ తీసుకునే గట్టిపడుతుంది కాబట్టి మన వానాకాలం గాలి దీనికి మంచిదే. అయినా వారం ఆగండి. ముక్కు దగ్గర పెడితే వెనిగర్ వాసన రాకూడదు. ఆ తర్వాత మళ్లీ 48 గంటల పరీక్ష.

కరెంటుపోయింది | రాజోలు | జూన్ 28

ఆ వారంలో సామాన్లు చూడండి.

హీటరు పారేయండి. పాత హీటరు గాజులో కంటికి కనపడని పగులు చాలు, నీళ్లలోకి కరెంటు దిగుతుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుళ్లు తప్ప దాని అవసరం కూడా లేదు. మూతలో ట్యూబ్‌లైటు, చోకు తీసేసి ఎల్‌ఈడీ పట్టీ పెట్టండి. ఆవిరికి చోకు స్క్రూలు తుప్పు పడతాయి.

పవర్ ఫిల్టరు మూత విప్పితే అయస్కాంతం మీద చిన్న రెక్క ఉంటుంది. దాన్ని తీసి, ఆ గూడుతో సహా అరగంట వెనిగర్‌లో నానబెట్టి టూత్‌బ్రష్‌తో తోమండి. తిరిగి పెట్టాక బకెట్లో తిప్పి చూడండి. గరగరలాడితే ఇరుసు అరిగినట్టు, ఆ ముక్క విడిగా దొరుకుతుంది. వైరు గట్టిపడి విరుగుతున్నా, పగుళ్లున్నా ఆ ఫిల్టరు వాడొద్దు. ఫిల్టరు మీద గంటకి ఎన్ని లీటర్లో రాసుంటుంది. మీ 100 లీటర్లకి 500 నుంచి 800 మధ్య ఉంటే బాగుంటుంది.

గాలి మోటారు నీటి మట్టానికి పైన పెట్టండి. కుదరకపోతే గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వు పెట్టండి, చాలా తక్కువ ఖరీదే. అది లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ నీళ్లు గొట్టంలోంచి వెనక్కొచ్చి మోటారులోకి, అక్కణ్ణుంచి గచ్చు మీదకీ కారతాయి. ఇంట్లో ఇన్వర్టరుంటే ఫిల్టరు కాకపోయినా గాలి మోటారు ఆ లైన్లో పెట్టండి. 3 నుంచి 5 వాట్ల లోడు, రాత్రంతా నడిచినా బ్యాటరీకి లెక్కలోది కాదు.

వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందకి వేలాడి మళ్లీ పైకెక్కేలా వంపు తిప్పండి. వైరు మీద జారిన నీటి చుక్క ఆ వంపులో కిందకి రాలుతుంది, ప్లగ్గుదాకా వెళ్లదు. ఇంటికి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ వంకన పెట్టించేయండి. చెయ్యి నీళ్లలో పెట్టేముందు ప్లగ్గులన్నీ పీకడం మాత్రం మానకండి.

ఉండికాలువ | భీమవరం | జూన్ 29

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు కథ అక్కడే ఉందండి.

మన జిల్లాలో ఉన్నందుకు ఒక సుఖం, ఏ సెంటరులో చూసినా ఆక్వా ల్యాబు ఉంటుంది. చెరువుల రైతులు నీళ్ల సీసాలు పట్టుకెళ్లేది అక్కడికే. మూడు సీసాలు తీసుకెళ్లండి: పంపు, బోరు, టిన్ను. సబ్బు తగలని సీసాని అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, గాలి లేకుండా మూత పెట్టి రెండు మూడు గంటల్లో ఇచ్చేయండి. పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అన్నది), ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా పట్టి ఉంచే గుణం), హార్డ్‌నెస్ (నీళ్ల కఠినత్వం), టీడీఎస్ (కరిగిన లవణాలు), అమోనియా, ఐరన్ అడగండి. "రొయ్యల చెరువు కాదు, ఇంట్లో అద్దాల పెట్టె" అని ముందే చెప్పండి, లేకపోతే మినరల్స్ ఎన్ని కిలోలు చల్లాలో కూడా రాసిస్తారు.

బోరు సీసా ఇచ్చేముందు ఇంకో బకెట్టు బోరు నీళ్లు రాత్రంతా గాలి మోటారు పెట్టి ఉంచి, ఆ నీళ్లు కూడా ఇవ్వండి. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ నిండా ఉండి పీహెచ్ తక్కువ చూపిస్తుంది. తెల్లారేసరికి అది ఎగిరిపోయి అసలు పీహెచ్ బయటపడుతుంది. ఇనుముంటే బకెట్టు అడుగున తుప్పు రంగు పొడి కూడా కనపడుతుంది.

కోనసీమగప్పీ | అమలాపురం | జూన్ 29

చేపల జాబితా మార్చండి బాబూ.

గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ల చేప, పెరిగితే జానెడవుతుంది. నాలుగింటికి ఆ ట్యాంకు చాలదు. పైగా మే నెలలో ట్యాంకు నీళ్లు 32, 33 డిగ్రీలకి పోతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8.3 మి.గ్రా. ఆక్సిజన్ పడితే 30 దగ్గర 7.6 మాత్రమే పడుతుంది. చేపకేమో వేడిలో ఆక్సిజన్ అవసరం ఇంకా ఎక్కువ. ఏంజెల్‌కి వేడి పడుతుంది, మీ అడుగున్నర ఎత్తు కూడా దానికి నప్పుతుంది. కానీ గోల్డ్‌ఫిష్‌తో కలిపితే ఇద్దరిలో ఎవరో ఒకరికి నీళ్లు పడవు.

సక్కర్ గురించి మరీ చెప్పాలి. దుకాణంలో వేలంత ఉంటుంది, పెరిగితే అడుగు దాటుతుంది. నాచు తినేది చిన్నప్పుడే, తర్వాత మీరు వేసే మేతే తిని బస్తాడు మలం పెడుతుంది. పెద్దదయ్యాక జనం దాన్ని కాలవలో వదిలేస్తున్నారు. అక్కడ దానికి శత్రువుల్లేవు, గుడ్లు పెట్టి గట్లు తొలిచేస్తోంది, వలలు చింపేస్తోంది. అద్దం తుడవడానికి మీ చెయ్యి చాలు.

కొత్తనీరు | పాలకొల్లు | జులై 4

ల్యాబు కాగితం వచ్చిందండి. పీహెచ్ తప్ప అంకెలన్నీ లీటరుకి మి.గ్రా.
పంపు: పీహెచ్ 7.6, ఆల్కలినిటీ 110, హార్డ్‌నెస్ 120, టీడీఎస్ 210, అమోనియా లేదు.
బోరు: పీహెచ్ తీయగానే 7.2, తెల్లారాక 8.1. ఆల్కలినిటీ 380, హార్డ్‌నెస్ 600, టీడీఎస్ 2600, ఐరన్ ఉంది.
టిన్ను: పీహెచ్ 6.6, ఆల్కలినిటీ 15, టీడీఎస్ 40.
టిన్ను నీళ్లే శుభ్రంగా ఉన్నట్టున్నాయి, అవి పోసేదా?

ఉండికాలువ | భీమవరం | జులై 4

మనం తాగడానికి శుభ్రమే, చేపకి మాత్రం కాదు. ఆల్కలినిటీ 15 అంటే పీహెచ్‌ని పట్టుకుని ఉంచేది ఏదీ లేదన్నమాట. అమోనియాని బ్యాక్టీరియా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. 1 మి.గ్రా. అమోనియా నత్రజనికి సుమారు 7 మి.గ్రా. ఆల్కలినిటీ ఖర్చవుతుంది. ఆ 15 వారం తిరక్కుండా అయిపోతుంది. పీహెచ్ 6.5 కిందకి జారితే బ్యాక్టీరియా పని మందగిస్తుంది, ఆరు దగ్గర దాదాపు నిలిచిపోతుంది. "ఆర్‌వో నీళ్లు పోసినా చేపలు చచ్చిపోయాయి" అనేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

మీ పంపు నీళ్లు పాలకొల్లులో దొరకడమే అదృష్టం, ఏమీ కలపకుండా అవే పోయండి. టిన్ను నీళ్లు ఆవిరైపోయిన మేరకి పోయడానికి బాగుంటాయి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పంతా లోపలే మిగులుతుంది. బోరు నీళ్లు అత్యవసరానికి ఉంచండి. ఏప్రిల్, మేలో కాలవలు కట్టేసి పంపు సరిగా రానప్పుడు తొమ్మిది పాళ్ల పంపు నీళ్లకి ఒక పాలు బోరు నీళ్లు (రాత్రంతా గాలి పట్టించి, గుడ్డలో వడకట్టి) కలిపితే టీడీఎస్ 450 దగ్గర, ఆల్కలినిటీ 137 దగ్గర ఉంటాయి. మామూలు చేపలకి ఏ ఇబ్బందీ లేదు. బోరు తప్ప వేరే దిక్కులేని అంతర్వేది వైపు వాళ్లు మోలీలు పెంచుకోవచ్చు, ఉప్పు వాటికి ఇష్టమే.

పంపు నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. చెరువుల మందుల షాపులో హైపో అంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు ఇస్తారు. 70 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి నల్లటి సీసాలో ఉంచండి. 10 లీటర్ల నీళ్లకి ఈ ద్రావణం 1 మి.లీ. వేస్తే 1 పీపీఎం (లీటరుకి 1 మి.గ్రా.) క్లోరిన్ విరిగిపోతుంది. నీళ్లు వాసన గట్టిగా కొట్టే రోజున రెండింతలు వేయండి, కాస్త ఎక్కువైనా హాని లేదు.

చేపలపులుసు | నరసాపురం | జులై 4

ఆ షాపులోనే ప్రోబయోటిక్, జియోలైట్ కూడా దొరుకుతాయి కదా. అవి చల్లితే మీరు చెప్పే ఈ నెల్లాళ్ల తపస్సు అక్కర్లేదు. చెరువులో కోట్ల రూపాయల రొయ్యని కాపాడేది ట్యాంకులో గప్పీని కాపాడదా?

ఉండికాలువ | భీమవరం | జులై 5

మంచి ప్రశ్నే. కాపాడదు, ఎందుకో చెప్తా.

చెరువు ప్రోబయోటిక్ పొడుల్లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ జాతి. అది అడుగున పేరుకున్న మేత, మలం తింటుంది. అమోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా వేరు. అది నెమ్మదిగా పెరుగుతుంది, స్పాంజికీ ఇసుకకీ అంటుకుని బతుకుతుంది, పొడి రూపంలో నిలవుండదు. పొడి చల్లితే 100 లీటర్ల పెట్టె తెల్లారేసరికి పాలలా తెల్లబడి, ఉన్న ఆక్సిజన్ కాస్తా అదే తినేస్తుంది.

జియోలైట్ మంచినీళ్లలో అమోనియాని పట్టుకునే మాట నిజమే. కానీ బ్యాక్టీరియాకి కావలసిన తిండి కూడా అదే, అది దొరక్క బ్యాక్టీరియా పెరగదు. ఇంకో మెలిక: తర్వాత ఎప్పుడో చేపకి జబ్బు చేసి ఉప్పు వేశారనుకోండి, ఉప్పు తగలగానే జియోలైట్ పట్టుకున్న అమోనియా అంతా ఒక్కసారే వదిలేస్తుంది.

కోనసీమగప్పీ | అమలాపురం | జులై 5

ఇసుక గురించి. ఆ రంగురాళ్లు వద్దు, రంగు ఊడుతుంది, సందుల్లో మేత కుళ్లుతుంది. గోదావరి ఇసుక కంటే మంచిది కొనుక్కుందామన్నా దొరకదు. ఇల్లు కట్టే చోట ఉంటుంది, సిమెంటు తగలని కుప్పలోంచి తీసుకోండి. దోమతెర జాలీతో జల్లించి సన్నది వదిలేసి, జాలీ మీద మిగిలిన బరక ఇసుక ఉంచుకోండి. 4 సెం.మీ. మందానికి మీకు 16 కిలోలు కావాలి, జల్లెడలో పోయేది కలుపుకుని 30 కిలోలు తెచ్చుకోండి. బకెట్టులో గుప్పెళ్లతో కలియబెట్టి మురికి నీళ్లు ఒంపేస్తూ, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పది పన్నెండు సార్లు పడుతుంది, విసుక్కోకండి.

కడిగాక పిడికెడు ఇసుక మీద వెనిగర్ పోయండి. నురగ వస్తే గుల్లలున్నట్టు. సముద్రం వైపు ఇసుకలో ఆల్చిప్ప ముక్కలుంటాయి, అవి కరుగుతూ హార్డ్‌నెస్, పీహెచ్ పెంచుతూనే ఉంటాయి.

కాలవలో నాచు, మొక్కలు తెచ్చి నేరుగా వేయొద్దు. వాటితోపాటు చేప పేను, నత్తగుడ్లు వస్తాయి. మొక్కల్ని 10 లీటర్ల నీళ్లలో 0.1 గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి పది నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగి వేయండి. అంత తక్కువ కాటాకి అందదు కాబట్టి 1 గ్రాము లీటరు నీళ్లలో కలిపి అందులో 100 మి.లీ. తీసుకోండి.

కొత్తనీరు | పాలకొల్లు | జులై 13

రెండో లీకు పరీక్షలో టిష్యూ పొడిగానే ఉంది. ట్యాంకు హాల్లో పెట్టి, ఇసుక వేసి, పంపు నీళ్లు నింపి 10 మి.లీ. హైపో వేశాను. ఫిల్టర్లు తిరుగుతున్నాయి. ఇప్పుడు బ్యాక్టీరియా కోసం ఏం చేయాలి? ఒక రొయ్య పడేయమని మా బాబాయి అంటున్నాడు.

ఉండికాలువ | భీమవరం | జులై 13

మీ బాబాయి చెప్పింది పనిచేస్తుంది, కాకపోతే ఇల్లంతా చేపల మార్కెట్టు వాసన. పైగా ఎంత అమోనియా వచ్చిందో లెక్క తెలీదు. ల్యాబు సరుకులమ్మే దగ్గర అమ్మోనియం క్లోరైడ్ (కళాయి వేసేవాళ్ల నవాసాగరం ఇదే, కానీ వాళ్ల సరుకులో మలినాలుంటాయి, శుద్ధమైనది కొనండి) దొరుకుతుంది. 100 లీటర్లకి 0.6 గ్రాములు వేస్తే 2 పీపీఎం అమోనియా. చుక్కల టెస్ట్ కిట్లు రెండు కొనండి, అమోనియాకి ఒకటి, నైట్రైట్‌కి ఒకటి.

మొదటి వారం, పదిరోజులు అమోనియా కదలదు. తర్వాత తగ్గుతూ నైట్రైట్ లేస్తుంది. అమోనియా 0.5 కిందకి వచ్చినప్పుడల్లా మళ్లీ అదే 0.6 గ్రాములు. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకొస్తే పని అయిపోయినట్టు. మన వేడికి నాలుగైదు వారాలు పట్టొచ్చు. తెలిసినవాళ్ల దగ్గర జబ్బులేని ట్యాంకు నడుస్తుంటే వాళ్ల ఫిల్టరు స్పాంజి ముక్క తడిగా, వాళ్ల ట్యాంకు నీళ్లలోనే పెట్టి తెచ్చి మీ ఫిల్టరులో దూర్చండి, సగం రోజులు కలిసొస్తాయి. మీ పాత ఫిల్టరులో ఎండిపోయిన స్పాంజికి ఆ బలం లేదు. కడిగి వాడుకోండి, అంతే.

చేపలపులుసు గారు అడిగేలోపే: చేపలు వేసి ఇదంతా ఎందుకు చేయకూడదంటే పీహెచ్, వేడి వల్ల. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే కిట్టు చూపించే అమోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే ఏడు శాతం పైన, 8.5 అయితే ఇరవై. కిట్టు మీద రంగు మారదు, చేపకి మాత్రం ఇరవై రెట్లు తేడా.

కొత్తనీరు | పాలకొల్లు | జులై 25

పన్నెండో రోజు. నీళ్లు తెల్లగా మబ్బుగా ఉన్నాయి. అమోనియా 0.5, నైట్రైట్ కిట్టులో చివరి రంగు దాటి ఊదాగా ఉంది. ఇసుక మీద గోధుమరంగు పొర. నీళ్లు మార్చేయనా?

కోనసీమగప్పీ | అమలాపురం | జులై 25

మబ్బు కొత్త ట్యాంకు లక్షణమే, దానంతటదే పోతుంది. గోధుమ పొర డయాటమ్స్ అనే సన్న నాచు, వేలితో తుడిస్తే వస్తుంది, నెలా రెండు నెలల్లో ఆగిపోతుంది. లైటు రోజుకి ఆరు గంటలే వేయండి.

ఉండికాలువ | భీమవరం | జులై 25

నైట్రైట్ కిట్టు దాటిపోయిందంటే సగం నీళ్లు మార్చండి. మరీ ఎక్కువైతే ఆ బ్యాక్టీరియాకే ఇబ్బంది. నీళ్లు పారబోస్తే బ్యాక్టీరియా పోదు, అది స్పాంజిలో ఉంది. ఈ వారం నవాసాగరం వేయకండి. పీహెచ్ చూడండి, 7 కిందకి దిగుతుంటే 5 గ్రాముల వంట సోడా మగ్గులో కరిగించి పోయండి. మీ 100 లీటర్లకి ఆల్కలినిటీ 30 దాకా పెరుగుతుంది. ఫిల్టరు ఒకటి నెమ్మదిస్తే స్పాంజిని పంపు కింద కడగకండి, తోడేసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి.

కొత్తనీరు | పాలకొల్లు | ఆగస్టు 16

నిన్న పొద్దున్న 2 పీపీఎం వేశాను, ఇవాళ పొద్దున్న అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా. చేపల కొట్టుకి వెళ్లేముందు ఎంత నీళ్లు మార్చాలి? ఎన్ని చేపలు తేవాలి? ఇంకో సంగతి, గోదారి ఎర్రబడింది కదా, పంపు నీళ్లు పటిక వాసన వస్తున్నాయి.

కోనసీమగప్పీ | అమలాపురం | ఆగస్టు 16

మొదటి విడత ఆరు గప్పీలు, లేదా నాలుగు ప్లాటీలు. ఏంజెల్స్ కావాలంటే రూపాయి బిళ్లంత పిల్లలు రెండే, ఇంకో మూడు వారాల తర్వాత. వేశాక మొదటి వారం రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత మేత. సంచి 20 నిమిషాలు నీళ్ల మీద తేలనిచ్చి, పావుగంటకోసారి అరగ్లాసు ట్యాంకు నీళ్లు కలపండి. ఆ తర్వాత చేపల్ని వలతో తీసి వదలండి. కొట్టు నీళ్లు ట్యాంకులో పోయొద్దు.

చేపలపులుసు | నరసాపురం | ఆగస్టు 16

ఆరు గప్పీల కోసం యాభై రోజులా! ఆయ్, మీ ఓపికకి దండమండి.

ఉండికాలువ | భీమవరం | ఆగస్టు 16

కొత్తనీరు గారూ, ఇవాళ కొట్టుకి వెళ్లొద్దు. జులై మొదట్లో వచ్చిన ల్యాబు కాగితం ఇప్పుడు పనికిరాదు. వరద నీళ్లలో మట్టి దింపడానికి పటిక ఎక్కువ వేస్తారు. 1 మి.గ్రా. పటికకి దాదాపు అర మి.గ్రా. ఆల్కలినిటీ పోతుంది, క్లోరిన్ కూడా పెంచుతారు. ఇంట్లో మళ్లీ పటిక తిప్పకండి.

రేపు పంపు నీళ్లు ఒక సీసా ల్యాబులో ఇచ్చి పీహెచ్, ఆల్కలినిటీ రెండే చూపించండి. ఆల్కలినిటీ 80 పైన ఉంటే 60 లీటర్లు తోడి, కొత్త నీళ్లు డ్రమ్ములో పట్టి, మామూలుగా వేసే 6 మి.లీ. బదులు 12 మి.లీ. హైపో వేసి, రాత్రంతా గాలి పట్టించి, మట్టి అడుగుకి దిగాక పైతేట మాత్రమే పోయండి. 80 లోపుంటే ఆ 60 లీటర్లకి 3 గ్రాముల వంట సోడా డ్రమ్ములోనే కలపండి. మర్నాడు ట్యాంకులో పీహెచ్ చూసి, పాత నీళ్లకీ దీనికీ తేడా 0.3 లోపుంటే ఆ సాయంత్రం ఎండ తగ్గాక చేపలు తెచ్చుకోండి.